వెనక మనిషి

గౌరీబాయి సైకిల్ తొక్కుతుంటే చూసేవాళ్లకు ఏమీ అనిపించదు. మా సైకిల్ క్లబ్బు మగవాళ్లు రోడ్డెక్కితే బర్రెలు కూడా మేత ఆపి తలెత్తుతాయి. ఒంటికి అతుక్కున్న రంగురంగుల చొక్కాలు, నల్ల కళ్లద్దాలు, కార్ల మీద కట్టుకొచ్చిన సన్నటి సైకిళ్లు, అరుపులు. గౌరీబాయిది నల్ల లేడీస్ సైకిల్. వెనక క్యారేజీకి రబ్బరు పట్టీతో బిగించిన పోస్టు సంచి. చీర మీద భర్త రాందాస్ పాత చొక్కా, కాళ్లకు స్లిప్పర్లు. గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు పోతుంది. ఎదురుగాలైనా అంతే, గాలి వెనక నుంచి నెట్టినా అంతే.

ఆమె గరిడేపల్లి దగ్గర ఒక తండాలో పుట్టింది. అమ్మానాన్నలు నాట్లకూ కోతలకూ కూలికి పోయేవాళ్లు. హాస్టల్లో ఉండి పదో తరగతి చదివింది. ఆ మార్కులే తర్వాత పోస్టాఫీసులో డాక్ సేవక్ ఉద్యోగం తెచ్చిపెట్టాయి. అప్పటికి ఆమెకు పెళ్లయి, చంకలో బిడ్డ ఉంది. మొదటి ఏడాది ఊళ్లలో ఎవరి గుమ్మం ముందు సైకిల్ ఆపినా "పోస్టుమాన్ ఏడి?" అని అడిగేవారట. "నేనే" అంటే పడీపడీ నవ్వేవారట.

"మరి నువ్వేం చేశావు?" అని ఒకసారి అడిగాను.

"ఏం జేస్త మేడం? నవ్వుడు అయ్యేదాక నిలబడ్డ. ఎంతసేపు నవ్వుతరు? నవ్వినంక ఉత్తరం తీస్కుంటరు గదా," అంది.

అట్లా పద్నాలుగేళ్లు. ఐదు ఊళ్లు, మూడు తండాలు, రోజుకు ఇరవై కిలోమీటర్లకు తగ్గదు. ముసలివాళ్ల పింఛన్లు కూడా ఆమె చేతి మీదుగానే వెళ్తాయి. అందుకే ఆ దారిలో ఎవరికి మోకాళ్లు పోయాయో, ఏ ఇంట్లో అత్తాకోడళ్లకు మాటల్లేవో, ఏ ఇంటి కుక్క మొరగకుండా కరుస్తుందో అన్నీ ఆమెకు తెలుసు. ఏ ఇంట్లో బాత్రూం శుభ్రంగా ఉంటుందో, ఏ ఇల్లాలు అడిగితే కాదనదో కూడా తెలుసు. ఈ చివరి మాట చదివి ఎవరికైనా నవ్వొస్తే వాళ్లు కచ్చితంగా మగవాళ్లే.

నా పేరు శిరీష. గరిడేపల్లి హైస్కూల్లో సైన్స్ చెబుతాను. బడి పక్కనే కిరాయి ఇంట్లో ఉంటాను. నలభై మూడేళ్లకు షుగర్ పలకరించింది. డాక్టరు నడవమన్నాడు. నాకు నడకంటే మహా విసుగు, చిన్నప్పుడు సైకిల్ తొక్కిన సరదా మాత్రం ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లు కలిసి ఒక సైకిల్ క్లబ్బు పెట్టారనీ, ఆడవాళ్లను కూడా రమ్మంటున్నారనీ ఫోన్లో చూసి చేరాను. క్లబ్బు అధ్యక్షుడు యుగంధర్‌కు సూర్యాపేటలో టైల్స్ షోరూం ఉంది. మంచివాడే. ఈ మాట వెటకారానికి అనడం లేదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి చేతులు దులుపుకునేదాన్ని. మంచివాడు కావడం వల్లే ఇంత బాధ.

మొదటి ఆదివారం గరిడేపల్లి నుంచి నేరేడుచర్ల దాకా వెళ్లి రావాలి. బయల్దేరేముందు యుగంధర్ అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, "మన క్లబ్బుల ఎవరిని వదిలిపెట్టం!" అని చప్పట్లు కొట్టించాడు. టీషర్టుల వీపుల మీద కూడా అదే అచ్చు వేయించారు. పావుగంటలో ఆ వీపులు నాకు కనబడకుండా పోయాయి. ఏప్రిల్, యాసంగి కోతల కాలం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చారు. మిగతా సగం మీద సిమెంటు లారీలు. నేను రాళ్లకూ లారీలకూ మధ్య ఊపిరి బిగబట్టి తొక్కుతున్నాను.

అసలు సంగతి అది కూడా కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి నేను గుక్కెడు నీళ్లు తాగలేదు. తాగితే దారిలో వెళ్లాల్సి వస్తుంది. ఎక్కడికి వెళ్లాలి? మగవాళ్లకు తుమ్మచెట్టు చాలు. షుగర్ మనిషిని, నీళ్లు లేక కళ్లు తిరిగాయి. సైకిల్ పక్కన పడేసి, వడ్ల అంచున ఒక రాయి మీద కూర్చుని ఏడ్చాను. గంట తర్వాత వాళ్లంతా తిరిగొస్తూ నన్ను చూసి ఆగారు. యుగంధర్ నా చేతిలో నాలుగు ఖర్జూరాలు పెట్టి, "స్టామినా పెంచుకోవాలె మేడం," అన్నాడు ఎంతో అభిమానంగా.

ఆడవాళ్లు వెనకబడేది కాళ్లలో సత్తువ లేక అని క్లబ్బులో అందరికీ గట్టి నమ్మకం. నీళ్లు తాగక అని వాళ్లకెవరు చెబుతారు? నాకే చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు బడికి ఉత్తరాలు తెచ్చిన గౌరీబాయికి మాత్రం ఎందుకో చెప్పేశాను. అప్పటిదాకా ఆమెతో నేను మాట్లాడింది "అక్కడ పెట్టు" అన్న రెండు ముక్కలే. ఆమె సంచి కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నీళ్లు తాగకుంట సైకిల్ తొక్కుతరా మేడం? పెట్రోల్ లేకుంట బండి తోల్తరా? సదువుకున్నోళ్లు, పిల్లలకు జెప్పేటోళ్లు!"

"మరి ఎక్కడికి పోను గౌరీ?"

"వచ్చే ఆయితారం నాతోని రాండ్రి. వాళ్లెంబడి పోతే వాళ్ల తొవ్వ. మన తొవ్వ నాకెరుక."

ఆ ఆదివారం ఆమె నన్ను పెద్ద రోడ్డు ఎక్కించకుండా ఊళ్ల మధ్య నుంచి తీసుకుపోయింది. నాలుగు కిలోమీటర్లకు బుచ్చమ్మ ఇల్లు. పింఛను తీసుకునే ముసలామె. మేం వెళ్లేసరికి గౌరీబాయి చెప్పిన ప్రకారం బాత్రూం ముందు బకెట్ నిండా నీళ్లు పెట్టి ఉంచింది. ఇంకో ఐదు కిలోమీటర్లకు కాటమ్మ ఇల్లు. అక్కడ మజ్జిగ. "ఇంకెంత దూరం?" అంటే గౌరీబాయి ఎన్నడూ కిలోమీటర్లు చెప్పదు. "గాడ రైస్‌మిల్లు గేటు దాక" అంటుంది. గేటు వచ్చాక "కాటమ్మ ఇల్లు దాక" అంటుంది. అట్లా అట్లా నేను పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కాను. ఆ రోజు ఒకటిన్నర లీటర్ల నీళ్లు తాగాను. ఇంటికొచ్చి మా ఆయనకు అదే మొదటి వార్తగా చెప్పాను.

దారి పొడుగునా ఆమె నా వెనకే ఉంది. పక్కకు రమ్మంటే రాలేదు.

"ముంగటున్నోళ్లకు ఏం కనబడది మేడం. ఎవరికి ఊపిరి ఆడ్తలేదు, ఎవరి కొంగు చైన్ల పడ్డది, ఎవరు ఏడ్సుకుంట తొక్కుతున్నరు, గిదంత ఎన్క మనిషికే కనబడ్తది. ఎన్క మనిషి ఎన్కనే ఉండాలె."

రెండు నెలల్లో మేం పద్నాలుగు మందిమయ్యాం. అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు మా బడివాళ్లు, బట్టలు కుట్టే ఆమె, నలభై ఏళ్లకు మొదటిసారి సైకిల్ నేర్చుకున్న ఆమె, చీరకట్టుతో తప్ప రానన్న అరవై ఏళ్ల ఆమె. ఒక్కొక్కరిది ఒక్కో వేగం. గౌరీబాయి అందరికంటే నిదానంగా పోయే మనిషి వెనక చేరేది. ఆ మనిషి ఆగితే ఆగేది. "తొందరగా రా" అనేది కాదు. "మెల్లగ రా, ఏం కాదు" అని కూడా అనేది కాదు. ఆ రెండో మాట ఇంకా పెద్ద తిట్టని ఆమె లెక్క.

యుగంధర్ మురిసిపోయాడు. మా ఫొటోలు పెట్టి "మన ఆడబిడ్డలు" అని రాసుకున్నాడు. మహిళా విభాగం అని పేరు పెట్టి నన్ను ఇన్‌చార్జిని చేశాడు, ఫోన్ గ్రూపులో అడ్మిన్‌ని చేశాడు. దారి వేసింది గౌరీబాయి, ఇళ్లు మాట్లాడింది గౌరీబాయి, పద్నాలుగు మందిని పోగేసింది గౌరీబాయి. ఇన్‌చార్జి మాత్రం టీచరమ్మ. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. ఉత్తరాలు తెచ్చే లంబాడామె వెనకుండడం, నేను ముందుండడం లోకంలో ఉన్న పద్ధతే అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చస్తున్నాను, అది వేరే సంగతి.

ఆ రోజుల్లోనే వందన వచ్చింది. ఊరు కోదాడ, వయసు ఇరవై ఆరు, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు. మూడేళ్ల క్రితం లారీ గుద్దింది. కుడికాల్లో రాడ్లు వేశారు, అయినా ఆ కాలు రెండంగుళాలు పొట్టిదైపోయింది. ప్రతి ఆదివారం మొదటి బస్సుకు వచ్చేది. సైకిల్ మా ఇంట్లోనే ఉంచుకునేది.

కుడికాలు పెడలుకు అందేది కాదు. క్లబ్బులో ఎవరో మూడు చక్రాల బండి కొనిద్దామన్నారు, చందాలు వేసుకుందామన్నారు. గౌరీబాయి ఆ సైకిల్‌ని నేరేడుచర్లలో రిపేర్లు చేసే మట్టయ్య దగ్గరికి తీసుకుపోయి, కుడి పెడలు మీద రెండంగుళాల చెక్క ముక్క బిగించి తెచ్చింది. దాని మీద పాత టైరు ముక్క మేకులతో కొట్టించింది, చెప్పు జారకుండా. మొదటి రోజు వందన నాలుగు సార్లు పడింది. మేమంతా పరుగెత్తబోయాం. గౌరీబాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"లేస్తది. లెవ్వరాకపోతే పిలుస్తది."

వందన లేచింది. దుమ్ము దులుపుకుంటూ నవ్వింది. తర్వాత కాటమ్మ ఇంట్లో మజ్జిగ తాగుతూ మాకు చెప్పింది. "మీకు తెలీదక్కా. యాక్సిడెంటైన కాడి నుంచి నన్ను అందరూ ఎత్తుతానే ఉన్నారు. ఆటో ఎక్కాలంటే ఎత్తుతారు, బస్సెక్కాలంటే ఎత్తుతారు. పెళ్లికి పోతే కుర్చీతో సహా ఎత్తి స్టేజీ మీద పెట్టారు. ఎవరూ అడగరు. జాలిపడి ఎత్తుతారు. ఎత్తినప్పుడల్లా నేను మనిషిని కాదు, బియ్యం బస్తాని అనిపిస్తది."

నవంబరు చివర్లో క్లబ్బు వార్షికోత్సవం. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా రైడ్, యాభై కిలోమీటర్లకు పైమాటే. వందన ఆ సంగతి విన్న రోజే గౌరీబాయిని పట్టుకుంది. "మా ఊళ్లో బయల్దేరి, నన్ను గుద్దిన ఆ రోడ్డు మీదే, ఎవరూ ఎత్తకుండా చివరిదాకా పోవాలక్కా. ఎంతసేపైనా సరే. ఒక్కసారి చాలు."

"పోదం. నిన్ను ఎవ్వరు ఎత్తరు. నేను ఎన్కుంట గదా," అంది గౌరీబాయి.

ఆ మాట కోసం ఆమె ఎంత చేసిందో నేను చూశాను. రెండు ఆదివారాలు ఒక్కతే ఆ దారంతా తొక్కి వచ్చింది. తను ఉత్తరాలు పంచే బీటు కాని ఊళ్లలో కూడా ఇళ్లు మాట్లాడింది. హుజూర్‌నగర్ దాటాక ఒకటి, గరిడేపల్లిలో ఒకటి, నేరేడుచర్లలో ఒకటి, ఆ తర్వాత మరొకటి. ఎక్కడ వడ్లు ఆరబోశారో, ఎక్కడ రోడ్డు కంకర తేలిందో చూసుకుంది. వందనతో వారం వారం ఐదు కిలోమీటర్లు పెంచుతూ తొక్కించింది.

ఆ ఆదివారం ఐదున్నరకు కోదాడలో బయల్దేరాం. మంచు. మగవాళ్లు మమ్మల్ని దాటిపోతూ "సూపర్ అక్కా, సూపర్!" అని అరిచారు. మేం పద్నాలుగు మందిమి, వందనతో పదిహేను, వెనక గౌరీబాయి. ఎవరికీ కళ్లు తిరగలేదు, ఎవరూ దాహంతో లేరు. నేరేడుచర్ల దాటేసరికి తొమ్మిది దాటింది. మిల్లులకు వడ్లు తోలుకుపోయే ట్రాక్టర్లు బారులు తీరాయి. వాటి వెనక పొట్టు కళ్లలో పడుతుంటే ఆగుతూ పోవాల్సి వచ్చింది. వందన, గౌరీబాయి మాకు కాస్త వెనక ఉన్నారు. మిర్యాలగూడ ఇంకో పన్నెండు కిలోమీటర్లు. అప్పుడు నా ఫోన్ మోగింది.

"మేడం, యాడిదాక వచ్చిర్రు?" యుగంధర్. "చీఫ్ గెస్టు సార్ వచ్చి కూసున్నడు. పదకొండింటికి ఇంకో ప్రోగ్రాం ఉన్నదట. ఆడబిడ్డలు లేకుంటే ఫంక్షన్‌కు అర్థమే లేదు. డీసీఎం వ్యాను పంపిన. సైకిళ్లతో సహా ఎక్కుండ్రి. ఫంక్షన్ హాలుకు అరకిలోమీటరు ముంగట దింపుతరు. ఆడికెళ్లి తొక్కుకుంట వస్తే ఘనంగ స్వాగతం చెప్తం. చూడుండ్రి మేడం, ఎవరిని వదిలిపెట్టద్దు, అందరిని ఎక్కించుకొని రాండ్రి."

వద్దని ఒక్క మాట అంటే సరిపోయేది. బలవంతం చేసేవాడు కాదు. కానీ నా తొడలు మండుతున్నాయి. వీపు పట్టేసింది. స్టేజీ మీద నా పేరు పిలుస్తారని కూడా తెలుసు. డీసీఎం వచ్చి ఆగగానే మొదట ఎక్కింది నేనే. మేడం ఎక్కిందని మిగతావాళ్లంతా ఎక్కారు. కొందరి మొహాల్లో ఇష్టం లేదు. నేను చూడనట్టు సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాను.

వందన వచ్చి ఆగింది. ఏం జరుగుతోందో ఆమెకు అర్థమయ్యేలోపే బండిలో వచ్చిన క్లబ్బు వలంటీర్లు ఆమె సైకిల్‌ని అందుకుని పైన పడేశారు.

"నేను ఎక్కనండీ. నా సైకిల్ దింపండి," అంది.

"ఇంక కష్టపడొద్దక్కా, చాలా తొక్కిర్రు," అన్నాడొకడు. ఎంత మర్యాదగా అన్నాడో! "మేడం, మీరు జర చెప్పుండ్రి."

అందరూ నా వైపు చూశారు. వందన కూడా చూసింది. గౌరీబాయి సైకిల్ దిగి స్టాండు వేస్తోంది. "ఎక్కు వందనా," అన్నాను. "పన్నెండు కిలోమీటర్లే కదా. అందరం కలిసే పోదాం."

ఇద్దరు చెరో వైపు చంకల్లో చేతులేసి వందనను ఎత్తారు. ఆమె గింజుకోలేదు. అరవలేదు. మూడేళ్లుగా ఎత్తించుకున్న ఒళ్లు, అలవాటుగా వదులైపోయింది. నా పక్కన దించారు. గౌరీబాయి పరుగెత్తుకొచ్చి డీసీఎం వెనక తలుపు పట్టుకుంది.

"దింపుండ్రి ఆ పిల్లను! ఆమె వద్దంటుంది, మీకు ఇనబడ్తలేదా? మేడం, మీరు జెప్పుండ్రి! మేడం!"

"టైం అయితుందమ్మా, నువ్వు గూడ ఎక్కు," అన్నాడు డ్రైవరు. ఆమె ఎక్కలేదు. బండి కదిలింది. చేతులు వదిలేసి రోడ్డు మీద నిలబడిపోయింది. తర్వాత సైకిల్ ఎక్కి మా వెనకే తొక్కడం మొదలుపెట్టింది. అదే వేగం. మలుపు దాకా నాకు కనబడుతూనే ఉంది. వందన మాత్రం అటు చూడలేదు.

ఫంక్షన్ హాలు ముందు డప్పులు, పూలు. అరకిలోమీటరు తొక్కి రిబ్బన్ దాటాం. మెడలో పతకాలు వేశారు. వందనను స్టేజీ మధ్యలో నిలబెట్టి శాలువా కప్పారు. "ఒంటికాలితోటి కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా తొక్కుకుంట వచ్చిన మన దివ్యాంగ సోదరి!" అని యుగంధర్ మైకులో చెప్పాడు. చెబుతూ నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. విలేఖర్లు ఫొటోలు తీశారు. వందన తన చెప్పుల వంక చూస్తూ నిలబడింది. నేను పక్కనే పతకం సర్దుకుంటూ నవ్వుతున్నాను. ఆ ఫొటో ఇంకా ఫోన్లో ఉంది.

పదకొండింటికి ఇంకో ప్రోగ్రాం ఉందన్న పెద్దమనిషి పదకొండుం పావుకు కూడా ఉపన్యాసం దంచుతూనే ఉన్నాడు. అప్పుడు వచ్చింది గౌరీబాయి. మొహం నిండా పొట్టు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. యుగంధర్ ఆమెను చూసి పొంగిపోయి, ఉపన్యాసం మధ్యలోనే స్టేజీ మీదికి పిలిచాడు. "మన గిరిజన ఆడబిడ్డ! మొత్తం తొక్కుకుంట వచ్చింది! రెండు మాటలు మాట్లాడమ్మా."

ఆమె పతకం వేయించుకోలేదు. మైకు మాత్రం తీసుకుంది.

"నా ముంగటున్న పిల్లను వీళ్లు డీసీఎంల ఏసుకొచ్చిర్రు. పన్నెండు కిలోమీటర్లు. ఆమె ఎక్కనన్నది. మంచిగ తొక్కుతుండె, ఇంక గంట అయితే వచ్చేది. ఎత్తి ఏసిర్రు. ఎన్క మనిషిని నేను. నేనే ఆపలేకపోయిన. నాదే తప్పు."

ఐదు వందల తలలు ఒక్కసారిగా వందన వైపు తిరిగాయి. వందన శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, కుంటుకుంటూ మెట్లు దిగి బయటికి వెళ్లింది. గౌరీబాయి మైకు వదిలేసి వెంటపడింది. నేనూ వెళ్లాను. గేటు దగ్గర వందన వెనక్కి తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు, మంటే ఉంది.

"ఎందుకక్కా చెప్పావు? వాళ్లు నన్ను ఎత్తినప్పుడు ఇరవై మంది చూశారు. ఇప్పుడు నువ్వు అందరికీ చూపించావు. నువ్వు కూడా నన్ను అడగలేదుగా?"

వందన ఆటో ఎక్కింది. ఎవరూ ఎత్తలేదు, తనే ఇనుప కడ్డీ పట్టుకుని కష్టపడి ఎక్కింది. మళ్లీ ఏ ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే షాపులో పనుందంటుంది.

ఆ సాయంత్రం యుగంధర్ ఫోన్ చేశాడు. చాలా నొచ్చుకున్నాడు. "ఇంత చేసినం మేడం, నలుగురిల ఇజ్జత్ తీసింది. గ్రూపుల ఒక డిసిప్లిన్ ఉండాలె గదా. ఆమెను గ్రూపుల నుంచి మీరే తీసెయ్యుండ్రి. నేను తీస్తే మగోడు ఆడబిడ్డను తీసేసిండంటరు, బాగుండది."

అరగంట ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆమె తప్పేముందని నన్ను నేను పది సార్లు అడిగాను. ఒక్కసారి కూడా జవాబు వేరేగా రాలేదు. అయినా ఆమె పేరు మీద వేలు నొక్కాను. శిరీష గౌరీబాయిని తొలగించారని గ్రూపులో పడింది. మిగతా పదమూడు మంది ఆడవాళ్లలో ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఇద్దరు దండం బొమ్మ పెట్టారు, ఎవరికో నాకు ఈనాటికీ తెలియదు.

తర్వాత మా భద్రత కోసమని క్లబ్బు కొత్త పద్ధతులు పెట్టింది. మా వెనక మనిషి బదులు బండి వస్తుంది. గంటకు పదిహేను కిలోమీటర్లకు తగ్గితే ఎక్కించేస్తారు. పెద్ద రోడ్డు మీదే వెళ్లాలి. బుచ్చమ్మ ఇల్లు లేదు, కాటమ్మ ఇల్లు లేదు. మొదటి వారం తొమ్మిది మందిమి వచ్చాం, రెండో వారం నలుగురం. మూడో ఆదివారం పొద్దున తయారవుతూ, మంచినీళ్ల చెంబు నోటిదాకా తెచ్చి మళ్లీ కింద పెట్టాను. పెట్టాక అర్థమైంది ఏం చేశానో. ఆ రోజు నుంచి నేనూ మానేశాను.

డిసెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దుకుంటున్నాను. గౌరీబాయి గుమ్మంలో నిలబడింది. రోజూ ఉత్తరాలు ఆఫీసు గదిలో ఇచ్చి వెళ్లిపోతుంది, నా ముందుకు రాక నెల కావస్తోంది.

"మేడం, స్పీడ్ పోస్టు. మీకే ఇయ్యాలె."

పెద్ద కవరు. మీద క్లబ్బు ముద్ర. అందులో ఏముందో విప్పకుండానే తెలుసు. ఫలానా తేదీన కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా సైకిల్ యాత్రను విజయవంతంగా పూర్తి చేసినందుకు ప్రశంసాపత్రం. ఫ్రేము కట్టించుకోవడానికి వీలుగా మందపాటి కాగితం మీద వేయించానని యుగంధర్ గ్రూపులో ముందే చెప్పాడు. ఆ యాత్రను నిజంగా పూర్తి చేసిన ఒకే ఒక్క ఆడమనిషి దాన్ని తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆమెకు కవరు రాలేదని నాకు తెలుసు. జాబితా తయారుచేసి పంపింది నేనే కదా.

ఆమె ఫోన్ నా ముందుకు జరిపింది. తెర మీద వేలితో సంతకం పెట్టాలి.

"గౌరీ, ఆ రోజు నేను..." అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. కోపమున్నా బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

"సంచిల ఇంక నాలుగు కవర్లున్నయ్ మేడం, మనోళ్లయే. పొద్దు గూకక ముందే ఇయ్యాలె," అంది. సంచి సర్దుకుంటూ, "వందన కవరు కోదాడ బీటుల పోతది. నా చేతికి రాదు. గదొక్కటి మంచిగైంది," అంది.

నేను సంతకం పెట్టాను.